దుకాణం మెట్లు ఎక్కక ముందే
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఏదైనా మాట్లాడవలసిందని కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు, ఏ విషయం మాట్లాడమంటారని అడిగాను. "మాస్టారూ, పెద్ద పెద్ద విషయాలు చెప్పడానికి పెద్దవాళ్లున్నారు. మీరు ఇంట్లో పనికివచ్చే మాట చెప్పండి" అన్నారు. అందుచేత నేను ఈ రోజు ఒక చిన్న విషయమే తీసుకున్నాను. అదేమిటంటే, బజారుకు వెళ్లి ఒకే రకంగా కనిపించే పది వస్తువుల్లో ఒకదాన్ని ఎంచుకోవడం ఎలా అనేది. వినడానికి చిన్నదే. కాని నెల జీతం మీదో, రోజు కూలి మీదో బతికే ఇంట్లో ఒక ఫ్యాను, ఒక కుక్కరు, ఒక ఫ్రిజ్ అంటే కొన్ని వారాల, కొన్ని నెలల కష్టం. డబ్బు సంపాదించడం ఎలాగో మనకు చెప్పేవాళ్లు చాలామంది. సంపాదించింది చేయి దాటేటప్పుడు ఎలా ఆలోచించాలో చెప్పేవాళ్లు తక్కువ. దుకాణంలో అరగంటలో మనం చేసే నిర్ణయానికి ఇంట్లో పది సంవత్సరాలు కరెంటు బిల్లు కట్టవలసి వస్తుంది. కనుక ఇది ముచ్చటించుకోదగిన విషయమేనని నా అభిప్రాయం.

మన పెద్దల కాలంలో ఈ ఇబ్బంది లేదు. వాళ్లకు డబ్బు తక్కువ, సరుకు కూడా తక్కువే. ఊళ్లో ఫ్యాన్లు అమ్మే కొట్టు ఒకటి, అందులో రకాలు రెండు. ఉన్నది కొనుక్కుని వచ్చేవారు. ఇప్పుడు ఏ ఎలక్ట్రికల్ షాపుకైనా వెళ్లి చూడండి. పైకప్పు నిండా ఫ్యాన్లు వేలాడుతుంటాయి. అన్నిటికీ మూడు రెక్కలే. అన్నీ గుండ్రంగానే తిరుగుతాయి. ఒకటి పదిహేను వందలు, ఒకటి మూడు వేలు, ఒకటి నాలుగున్నర వేలు. ఎందుకింత తేడా అని అడిగితే కుర్రవాడు ఒక్క గుక్కలో ఇరవై మాటలు చెబుతాడు. ఇంటికి వచ్చి సెల్‌ఫోన్ తెరిస్తే అందులో మరో మూడు వందల ఫ్యాన్లు. ఇంతలో తల తిరుగుతుంది. ఫ్యాను కొనక ముందే మన తలే ఫ్యానైపోతుంది.

అప్పుడు మనుషులు మూడు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. కొందరు, దుకాణదారు ఏది చూపిస్తే అదే తీసుకుంటారు. అతనికి ఏ కంపెనీ ఎక్కువ కమీషన్ ఇస్తుందో మనకు తెలియదు గదా! ఇంకొందరు, ఎక్కువ ధర పెడితే మంచిదే వస్తుందనే నమ్మకంతో అన్నిటికన్న ఖరీదైనది తీసుకుంటారు. మూడోరకం వారు "మళ్లీ వస్తాం" అని చెప్పి వచ్చేస్తారు. ఎండాకాలం అయిపోతుంది, వాళ్లు మళ్లీ వెళ్లరు. పిల్లలు చెమటలు కక్కుతూ పడుకుంటారు. ఈ మూడింటిలో ఏదీ ఎంపిక కాదు. మొదటివారి తరఫున దుకాణదారు నిర్ణయించాడు, రెండోవారి తరఫున ధర చీటీ నిర్ణయించింది, మూడోవారి తరఫున భయం నిర్ణయించింది.

దీని మీద చదువుకున్నవాళ్లు పరిశోధనలు కూడా చేశారు. అమెరికాలో షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2000 సంవత్సరంలో ఒక పరీక్ష ఫలితాన్ని ప్రచురించారు. కాలిఫోర్నియాలో ఒక పెద్ద కిరాణా దుకాణంలో జామ్ సీసాలు రుచి చూడడానికి బల్ల వేశారు. కొంతసేపు 24 రకాలు పెట్టారు, కొంతసేపు 6 రకాలే పెట్టారు. 24 రకాల బల్ల దగ్గర ఎక్కువ మంది ఆగారు. కాని ఆగినవారిలో కొన్నది నూటికి 3 మంది. 6 రకాల బల్ల దగ్గర ఆగినవారిలో నూటికి 30 మంది కొన్నారు. అయితే ఈ కథను ఇక్కడితో ఆపితే సగం నిజమే చెప్పినట్లవుతుంది. ఆ తరువాత వేరేవాళ్లు ఇటువంటి పరీక్షలు ఎన్నో చేశారు. కొన్నిచోట్ల అలాగే జరిగింది, కొన్నిచోట్ల జరగలేదు. అన్నిటినీ కలిపి చూసి 2015లో మరికొందరు తేల్చినదేమంటే – రకాలు ఎక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. తనకేమి కావాలో తనకే తెలియకుండా వెళ్లినవాడు, ఒకదానితో ఒకటి పోల్చడానికి వీలుకాని సరుకుల మధ్య నిలబడినవాడు, తొందరలో ఉన్నవాడు – వీళ్లే ఎక్కువ గాభరాపడతారు. ఏం కావాలో తెలిసి వెళ్లినవాడికి మూడు వందల ఫ్యాన్లున్నా బాధ లేదు. అతను తనకు కావలసిన నాలుగింటినే చూస్తాడు. మిగిలినవి అతనికి గోడతో సమానం.

ఇది గట్టిగా పట్టుకోవలసిన మాట. సరుకు ఎక్కువ కావడం మన చేతిలో లేదు. ఏం కావాలో ముందుగా తెలుసుకోవడం మన చేతిలో ఉంది. కాబట్టి సగం బేరం దుకాణం మెట్లు ఎక్కక ముందే, మన ఇంట్లో, చాప మీద కూర్చుని అయిపోవాలి.

ఎలా అంటారా? ఒక చిత్తు కాగితం తీసుకోండి. అందులో మూడు పంక్తులు రాయండి. ఏ భాషలోనైనా రాయండి, ఉర్దూలోనో, తెలుగులోనో. మొదటి పంక్తి: ఈ వస్తువు ఎవరికి, ఎక్కడ, రోజుకు ఎంతసేపు? రెండో పంక్తి: దీనికి ఎంత డబ్బు పెట్టగలం, ఎంతకు మించి పెట్టలేం? మూడో పంక్తి: ఇందులో తప్పనిసరిగా ఉండవలసిన గుణాలు ఏవి? మూడో పంక్తిలో మూడు గుణాలకు మించి రాయకూడదు. నాలుగోది రాయాలనిపిస్తే పై మూడింటిలో ఒకటి కొట్టివేసి రాయండి. అంతే. ఈ కాగితం జేబులో ఉన్నవాడిని ఏ దుకాణదారూ తిప్పలేడు.

ఉదాహరణకు ఇందాక చెప్పిన ఫ్యాను సంగతే పూర్తిగా చూద్దాం. ఫ్యానులో మనం కొనేది ఏమిటి? రంగు కాదు, రెక్క మీది పువ్వు కాదు. గాలి. ఆ గాలికి అయ్యే కరెంటు. ఈ రెండింటికీ లెక్కలున్నాయి. మామూలు గదికి 1200 మిల్లీమీటర్ల ఫ్యాను, అంటే మనం 48 అంగుళాలనేది సరిపోతుంది. చిన్న గదికి 900 మిల్లీమీటర్లు, అంటే 36 అంగుళాలు. ఎన్ని ఘనపు మీటర్ల గాలి నిమిషానికి తోస్తుందో పెట్టె మీద రాసి ఉంటుంది. ఎన్ని వాట్లు తింటుందో కూడా రాసి ఉంటుంది. గాలి అంకెను వాట్ల అంకెతో భాగిస్తే వచ్చేదాన్ని సర్వీస్ వాల్యూ అంటారు. ఒక వాటు కరెంటుకు ఎంత గాలి అని అర్థం. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగల భాగహారం. 2023 నుంచి సీలింగు ఫ్యానుకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు కనుక, ఆ లెక్క మనం చేయకపోయినా లేబుల్ మీద కనిపిస్తుంది.

ఇప్పుడు రెండు ఫ్యాన్లు పక్కపక్కన పెట్టుకుందాం. ఒకటి మామూలు మోటారుది, 50 వాట్లు. రెండోది బి.ఎల్.డి.సి. అని కొత్తగా వస్తున్న మోటారుది, 30 వాట్లు. ఈ రెండో దానిలో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలు బిగించి, ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో తిప్పుతారు. మామూలు మోటారులో వేడిగా వృథా అయ్యే కరెంటు చాలామటుకు ఇందులో మిగులుతుంది. గాలి రెండింటిదీ దాదాపు సమానమే అనుకోండి. రెండో దాని ధర 1,350 రూపాయలు ఎక్కువ అనుకుందాం. ఏది కొనాలి?

దుకాణదారు రెండోదే కొనమంటాడు. మన పొరుగువాడు మొదటిది చాలంటాడు. వీళ్లిద్దరినీ పక్కన పెట్టి మన కాగితం మొదటి పంక్తి చూడండి. ఎక్కడ, ఎంతసేపు? అది అందరూ పడుకునే గదిలో రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాను అయితే, 20 వాట్ల తేడాకు రోజుకు 300 వాట్-గంటలు, అంటే యూనిట్‌లో పది వంతుల్లో మూడు వంతులు మిగులుతుంది. సంవత్సరానికి 300 రోజులు వేసుకుంటే 90 యూనిట్లు. మీ బిల్లులో యూనిట్ 5 రూపాయలు పడుతుంటే 450 రూపాయలు. మూడేళ్లలో ఎక్కువ పెట్టిన 1,350 వచ్చేసినట్లే. ఆ తరువాతదంతా మిగులే. కొనవలసిందే.

అదే ఫ్యాను బైఠక్‌లో, చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే, సగటున రోజుకు రెండు గంటలు తిరిగేదనుకోండి. సంవత్సరానికి మిగిలేది 12 యూనిట్లు. 60 రూపాయలు. ఎక్కువ పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఇరవై రెండున్నర సంవత్సరాలు! అంతకాలం ఫ్యాను ఉంటుందో లేదో, బైఠక్ ఉంటుందో లేదో. కాబట్టి ఆ గదికి మామూలుదే మంచిది. చూశారా? అదే ఫ్యాను, అదే ధర, అదే ఇల్లు. ఒక గదికి మేలు, ఇంకో గదికి దండగ. "వీటిలో ఏది మంచిది?" అని అడిగినంతకాలం జవాబు దొరకదు. "మాకు, ఈ గదికి, ఏది సరిపోతుంది?" అని అడిగితే ఒక్క నిమిషంలో దొరుకుతుంది.

మన ఇళ్లల్లో ఒక సామెత ఉంది: "మహెంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్." ఖరీదైనది కొన్నవాడు ఒక్కసారే ఏడుస్తాడు, చవకది కొన్నవాడు మళ్లీ మళ్లీ ఏడుస్తాడు అని. సామెత మంచిదే. కాని నాసిరకం సరుకుకు మాత్రమే అది వర్తిస్తుంది. నాణ్యం సమానంగా ఉన్నప్పుడు ఖరీదైనది కొన్నవాడు కూడా నెలనెలా వాయిదా కట్టినప్పుడల్లా ఏడుస్తూనే ఉంటాడు.

మరి నాణ్యం సమానమని మనకెట్లా తెలుస్తుంది, మనమేమన్నా ఇంజనీర్లమా అని అడగవచ్చు. అందుకే గుర్తులున్నాయి. 1947లో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ అని స్థాపించారు. 1987 నుంచి దాని స్థానంలో బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ పనిచేస్తున్నది. సంస్థ పేరు మారినా ఐ.ఎస్.ఐ. గుర్తు అలాగే నిలిచిపోయింది. ఆ గుర్తు పైన ప్రమాణం నంబరు ఉంటుంది. ప్రెషర్ కుక్కరుకు 2347, సీలింగు ఫ్యానుకు 374, మోటారు సైకిలు హెల్మెట్‌కు 4151. గుర్తు కింద సి.ఎం./ఎల్. అనే అక్షరాలతో ఆ తయారీదారు లైసెన్సు నంబరు ఉంటుంది. ఉత్త గుర్తు ఉండి నంబరు లేకపోతే అనుమానించాలి. నంబరును బి.ఐ.ఎస్. కేర్ అనే మొబైల్ యాప్‌లో కొట్టి చూస్తే అది నిజమైనదో కాదో చెబుతుంది. ఇంట్లో సెల్‌ఫోన్ ఆడుకునే పిల్లలున్నారు గదా, వాళ్ల చేత ఈ పని చేయించండి.

గుర్తు చేసే మేలు ఏమిటో సరిగ్గా గ్రహించాలి. అది "ఇదే అన్నిటికన్న మంచిది" అని చెప్పదు. "ఇది ఈ మెట్టుకు కిందికి దిగలేదు" అని చెబుతుంది. కుక్కరు పేలకుండా ఉండడానికి, ఇస్త్రీ పెట్టె షాక్ కొట్టకుండా ఉండడానికి కావలసిన కనీసపు జాగ్రత్త తీసుకున్నారని దాని భావం. ఆ మెట్టు దాటిన సరుకుల మధ్య మిగిలే తేడాలు చాలామటుకు చిన్నవి. అంటే ముందు గుర్తు చూసి సగం సరుకును పక్కకు నెట్టేయవచ్చు. మిగిలిన సగంలో ఏది తీసుకున్నా ప్రాణం మీదికి రాదు. ఈ ధైర్యం ఒకటి ఉంటే ఎంపిక సగం తేలికవుతుంది.

ఇప్పుడు తల్లులతో రెండు మాటలు. కుక్కరు సంగతి. బేగం బజారులో గిన్నెల దుకాణాల వరుసలో నిలబడితే కుక్కర్లు కొండలా కనిపిస్తాయి. మీ కాగితంలో మూడో పంక్తి ఇలా ఉండాలని నా మనవి. ఒకటి, ఎన్ని లీటర్లు? కుక్కరును మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. పప్పు, బియ్యం లాంటి పొంగే పదార్థాలైతే సగానికి మించి నింపకూడదు. కాబట్టి ఐదు లీటర్ల కుక్కరులో పప్పు వండితే మీకు దక్కేది రెండున్నర లీటర్ల చోటే. మీ ఇంట్లో దాల్చా ఎంత చేస్తారో మీకే తెలుసు, అమ్మేవాడికి తెలియదు. రెండు, ఏ పొయ్యి? గ్యాసు మీదైతే ఏదైనా పనికివస్తుంది. ఇండక్షన్ పొయ్యి ఉంటే అడుగు దానికి తగినదై ఉండాలి. ఉత్త అల్యూమినియం అడుగు దాని మీద వేడెక్కదు. ఒక చిన్న అయస్కాంతం వెంట తీసుకుపోయి అడుగున పెట్టి చూడండి. అంటుకుంటే పనికివస్తుంది. మూడు, దాని రబ్బరు వాషరు, సేఫ్టీ వాల్వు మన ఊళ్లో దొరుకుతాయా? ఇది అందరూ మరచిపోయే ప్రశ్న. వాషరు సాగిపోయిన రోజున మీరు హైదరాబాదుకు పరుగెత్తలేరు. ఈ మూడింటికీ జవాబు దొరికితే, మూత లోపలికి దిగేదా పైన బిగించేదా అన్నది మీ చేతి అలవాటును బట్టి చూసుకోండి. పిడి రంగు గురించి అసలు ఆలోచించకండి.

ఇక్కడ సోదరులకు ఒక మనవి. వస్తువు వాడేవాళ్లు ఎవరో వాళ్లను అడగకుండా కొనకండి. కుక్కరు మూత రోజుకు నాలుగుసార్లు తీసేది ఇంటి ఇల్లాలు, దాని నాణ్యం తేల్చేది మాత్రం బజారులో నిలబడ్డ ఇద్దరు మగవాళ్లు! ఇది న్యాయం కాదు, లాభం కూడా కాదు. వాషింగ్ మెషీను వంగి బట్టలు తీసేదా, నిలబడి తీసేదా అన్నది నడుము నొప్పి ఉన్న అమ్మీజాన్‌ను అడిగితే క్షణంలో తేలిపోతుంది. ఆ ఒక్క జవాబుతో దుకాణంలో సగం మెషీన్లు లెక్కలోంచి పోతాయి.

పెద్ద వస్తువుల సంగతి అలా ఉంచి రోజూ కొనే సరుకు చూద్దాం. టీ పొడి, నూనె, సబ్బు. ఇక్కడ గాభరా పెట్టేది పొట్లం సైజు. రెండు నూనె ప్యాకెట్లు చూడడానికి ఒకే ఎత్తు ఉంటాయి. ఒకదాని మీద 1 లీటరు అని ఉంటుంది, రెండో దాని మీద 850 మిల్లీలీటర్లని చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండోది 140 రూపాయలు, మొదటిది 155 రూపాయలు అనుకోండి. చేయి 140 వైపే పోతుంది. కాని లెక్క వేస్తే రెండోది లీటరు దాదాపు 165 రూపాయలు పడుతున్నది. ఈ చిక్కు తీర్చడానికే ప్యాకెట్టు మీద మొత్తం ధరతో పాటు గ్రాముకు, మిల్లీలీటరుకు ఎంత పడుతుందో కూడా ముద్రించాలని నిబంధన వచ్చింది. ఆ చిన్న అంకెను వెతికి చదవండి. పెద్ద అక్షరాల్లో ఉన్న "ఉచితం", "20 శాతం అదనం" అనే మాటలు వాళ్ల కోసం రాసుకున్నవి. చిన్న అక్షరాల్లో ఉన్న అంకె మన కోసం రాసినది.

నేను మా ఎనిమిదో తరగతిలో నిష్పత్తి పాఠం చెప్పేటప్పుడు పిల్లలను ఇంటినుంచి ఖాళీ పొట్లాలు తెమ్మంటాను. 100 గ్రాముల టీ పొట్లం, 250 గ్రాముల పొట్లం పక్కపక్కన పెట్టి గ్రాము ధర కట్టమంటాను. పెద్ద పొట్లం ఎప్పుడూ చవక అని అందరూ అనుకుంటారు. చాలాసార్లు నిజమే, ప్రతిసారీ కాదు. ఒకటి రెండు పొట్లాల్లో లెక్క తిరగబడినప్పుడు ఆ పిల్లల కళ్లు చూడాలి! ఇంకో మాట. ఆ లేబుళ్లు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. మావాళ్లు ఉర్దూ మీడియం. "సార్, మాకు చదవడం రాదు" అని మొదట వెనుకాడతారు. నేను వాళ్లకు చెప్పేదేమంటే, అంకెలకు మీడియం లేదు. బరువు, ధర, తేదీ, వాట్లు, లీటర్లు – ఇవన్నీ అంకెలే. అంకెలు చదవగలిగిన పిల్లవాడు, తన నానీ చేయి పట్టుకుని ఏ దుకాణానికైనా వెళ్లవచ్చు. చదువురాని పెద్దవాళ్లు దుకాణంలో సిగ్గుపడి ఏదో ఒకటి తీసుకుని వచ్చేయడం మనందరం చూస్తూనే ఉన్నాం. ఆ సిగ్గు పోగొట్టడానికి ఇంట్లో ఒక్క బడికెళ్లే పిల్ల చాలు.

అయితే దీనికీ ఒక హద్దు పెట్టుకోవాలి. సబ్బు బిళ్ల మీద రెండు రూపాయలు మిగల్చడానికి గంటసేపు ఆలోచించేవాళ్లూ ఉన్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు. వస్తువు ఎంత పెద్దదో, ఎన్నేళ్లు వాడతామో, తప్పు జరిగితే ఎంత నష్టమో, దాన్ని బట్టి సమయం పెట్టాలి. సబ్బుకు అర నిమిషం, కుక్కరుకు ఒక పూట, ఫ్రిజ్‌కు ఒక వారం. అంతకు మించితే అది ఎంపిక కాదు, రోగం.

హెర్బర్ట్ సైమన్ అనే అమెరికన్ పండితుడు ఉండేవాడు. 1978లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చెప్పిన ముఖ్యమైన మాట ఇదే. మనిషి ప్రపంచంలో ఉన్న అన్నిటినీ చూసి అన్నిటికన్న మంచిదాన్ని ఎన్నుకోలేడు. అంత సమయం, అంత తెలివి ఎవరికీ ఉండదు. తనకు చాలినంత మంచిది ఏదో ముందే ఒక గీత గీసుకుని, ఆ గీత దాటిన మొదటిదాన్ని తీసుకుని ముందుకు పోవడమే మనుషులు నిజంగా చేసే పని అని. మన భాషలో చెప్పుకుంటే, "అన్నిటికన్న మంచిది" వెతికేవాడు బజారులోనే ఉండిపోతాడు. "మాకు చాలినది" వెతికేవాడు సాయంత్రానికి ఇంటికి చేరతాడు.

ఫ్రిజ్ మాట వచ్చింది కనుక ఒక సూచన. స్టార్లు లెక్కపెట్టి కొనడం ఒక్కటే చాలదు. స్టార్ల కొలతను ఏళ్లు గడిచేకొద్దీ బిగిస్తుంటారు. పాత సంవత్సరపు ఐదు స్టార్లు, కొత్త సంవత్సరపు ఐదు స్టార్లు ఒకటి కావు. లేబుల్ మీద సంవత్సరానికి ఎన్ని యూనిట్లు తింటుందో రాసి ఉంటుంది. ఒకే లీటర్ల ఫ్రిజ్‌లు రెండు తీసుకుని ఆ అంకెలు పోల్చండి. తేడాను మీ యూనిట్ ధరతో గుణించండి. ఫ్యానుకు చేసిన లెక్కే ఇదీ.

ఇక ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లి సామాను దగ్గర మన కాగితాలు, లెక్కలు అన్నీ కొట్టుకుపోతాయి. ఫలానా వారింట్లో అమ్మాయికి రెండు తలుపుల ఫ్రిజ్ ఇచ్చారు, మనం ఒక తలుపుది ఇస్తే ఏమనుకుంటారో అన్న మాట వచ్చిందంటే, అక్కడ కొంటున్నది ఫ్రిజ్ కాదు, ఎదుటివాళ్ల నోరు. దానికి ఎంత పెట్టినా చాలదు. ఆ కొత్త కాపురంలో ఇద్దరే మనుషులు, గది ఒకటే, ఫ్రిజ్ పెట్టడానికి చోటు ఎంతో ఎవరూ కొలవలేదు. తండ్రి మాత్రం మూడేళ్లు వాయిదాలు కడతాడు. పెళ్లి ఖర్చు గురించి ఉపన్యాసం ఇవ్వడానికి నేను లేవలేదు. ఒక్కటే అంటాను: అదే మూడు పంక్తుల కాగితం పెళ్లి సామానుకూ రాయండి. ఎవరికి, ఎక్కడ, ఎంతసేపు అన్న మొదటి పంక్తిలో పొరుగువాడి పేరు రాయడానికి చోటు లేదు.

నగ కొనేటప్పుడు కూడా అంతే. రెండు గొలుసులు ఒకేలా మెరుస్తాయి. చూడవలసినవి కొన్నే: హాల్‌మార్క్ గుర్తు, స్వచ్ఛత అంకె, ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య. 22 క్యారెట్లకు 916 అని ఉంటుంది. ఆ ఆరు అక్షరాల సంఖ్యను కూడా ఇందాక చెప్పిన యాప్‌లోనే సరిచూడవచ్చు. ఆ తరువాత రాళ్లు తీసివేసి బంగారం బరువెంత, మజూరీ ఎంత అని విడివిడిగా రాయించుకోండి. రెండు దుకాణాల చీటీలు పక్కపక్కన పెడితే తేడా దానంతటదే కనిపిస్తుంది.

వాయిదాల మీద కొనేవారు ఇంకో రెండు అంకెలు అడగాలి. రొక్కం ఇస్తే ఎంత? వాయిదాలన్నీ కలిపితే ఎంత? ప్రాసెసింగ్ ఫీజుతో సహా. "నెలకు 999 మాత్రమే" అన్నది ధర కాదు, ధరలో ఒక ముక్క. రెండు ఫ్రిజ్‌లను నెలసరి వాయిదాతో పోల్చకండి. నెలలు ఎక్కువైతే వాయిదా తగ్గుతుంది, మొత్తం పెరుగుతుంది.

సెల్‌ఫోన్‌లో కొనే యువకులకు ఒక మాట. అక్కడ మొదట కనిపించేది మంచిదని కాదు, డబ్బు కట్టి ముందు వరుసలో పెట్టించుకున్నది కూడా అయి ఉండవచ్చు. చుక్కలు, పొగడ్తలు చూసి మోసపోకండి. ఏడాది వాడినవాళ్లు ఏమని ఫిర్యాదు చేశారో చదవండి. ఒకే ఫిర్యాదు పదిమంది చేస్తే అది నిజమే అయి ఉంటుంది. చదివి నాలుగు వస్తువులు ఎంచుకోండి, నాలుగింటిని రెండు చేయండి. రెండూ మీ మూడు పంక్తులకూ సరిపోయి, ఎంత ఆలోచించినా తేలకపోతే సంతోషించండి. తేలడం లేదంటే వాటి మధ్య పెద్ద తేడా లేదని అర్థం. తక్కువ ధరదో, మరమ్మతు దగ్గరగా దొరికేదో తీసుకుని వచ్చేయండి.

కొన్న తరువాత రెండు పనులు చేయాలి, ఒక పని మానాలి. చేయవలసినవి: బిల్లు అడిగి తీసుకోవాలి, గ్యారంటీ కార్డు మీద తేదీ, దుకాణం ముద్ర వేయించుకోవాలి. రెండింటినీ ఇంటి పట్టాలు దాచుకునే చోటే దాచుకోవాలి. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019 చట్టం వచ్చి 2020 జూలై నుంచి అమలవుతున్నది. సరుకులో లోపముంటే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు, జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. కాని చేతిలో బిల్లు లేనివాడి మాట ఎక్కడా గట్టిగా నిలబడదు. మానవలసిన పని ఏమిటంటే, కొన్న తరువాత కూడా పక్క దుకాణంలో ధర అడగడం. మొన్నటి పండుగ తగ్గింపులో ఇంకో మూడు వందలకు తక్కువ వచ్చేదట అని నెల రోజులు బాధపడేవాళ్లున్నారు. ఆ మూడు వందలకు మించిన మనశ్శాంతి అప్పుడే ఖర్చయిపోతుంది. ఆ రోజున, ఆ డబ్బుతో, తెలిసిన లెక్కతో మీరు చాలినది కొన్నారు. బేరం ముగిసింది. ఫ్యాను వేసుకుని హాయిగా పడుకోండి.

పెద్దలారా, నేను చెప్పినవాటిలో కొత్తదేమీ లేదు. మన ఇళ్లల్లో నెల మొదట్లో హిసాబ్ రాసుకునే తల్లులు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. గుడ్డ కొనేటప్పుడు వేళ్ల మధ్య నలిపి చూసి, గజాల లెక్క చూసి, రంగు పోతుందా అని అడిగి, మూడే ప్రశ్నలతో తేల్చేవారు. అంగడి నిండా ఎన్ని తానులున్నా వాళ్లకు తల తిరగలేదు. ఆ తెలివినే ఈనాటి ఫ్యానుకు, ఫ్రిజ్‌కు, ఫోనుకు వాడుకోమని మాత్రమే నా మనవి. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక, ఈ సంవత్సరం మీ ఇంట్లో కొనవలసిన ఒక్క వస్తువు పేరు అనుకుని, దాని కింద మూడు పంక్తులు రాసిపెట్టండి. రాయడం రాని వాళ్లు పిల్లల చేత రాయించండి.